మరుగు లేని దొడ్డి

మా అత్తకు తుంటి విరిగింది దొడ్డికి పోతూనే. ఆమె ఉండి ఉంటే ఈ వాక్యాన్ని ఒప్పుకునేది కాదు. "తుంటి ఒక్కటీ రాయి, మిగతాది యాల?" అనేది.

తొంభైలు ముగిసిపోయే కాలం అది. పుంగనూరులో మా సందులో ఎవరింట్లోనూ మరుగుదొడ్డి లేదు. ఆడవాళ్లం తెల్లారక ముందే చెంబులు పట్టుకుని సందు చివర కంపచెట్ల చాటుకు పోయేవాళ్లం. కుప్పం నుంచి కొత్తగా కాపరానికి వచ్చినప్పుడు నాకు ఈ ఊరు పరిచయమయింది ఆ కంపచెట్ల మధ్యనే. ఏ ఇంటి కోడలు పుట్టింటికి పోయింది, ఎవరి బోరు ఎండిపోయింది, ఎవరింట్లో పప్పులో ఉప్పెక్కువ, అన్నీ అక్కడే తెలిసేవి. వాన పడిన ఒక ఉదయం అత్త అక్కడే కాలు జారింది. చెంబు ఒక పక్క, ఆమె ఒక పక్క.

మదనపల్లె ఆసుపత్రిలో ఆపరేషను చేసి తుంటిలో కడ్డీ వేసినారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ చెప్పింది: "ఇంక ఎప్పుడూ గొంతుక్కూర్చోగూడదు పెద్దమ్మా. కుర్చీ మాదిరి ఉండే లెట్రిను కావాల."

అత్త తల ఊపింది. డాక్టర్ల దగ్గర ఆమె అన్నిటికీ తల ఊపేది. ఇంటికొచ్చినాక మంచం కిందికి ఒక తట్ట పెట్టినాము. దాన్ని నేను తీసి పారబోస్తూ ఉంటే ఆమె ముఖం గోడ వైపు తిప్పుకునేది. నాకేమీ కష్టం లేదు, నన్ను కన్నతల్లిలా చూసుకున్న మనిషి ఆమె. అయితే ఆమెకు కష్టం. ఆ కష్టానికి ఆమె కనిపెట్టిన మందు, నీళ్లు తాగడం మానేయడం. తాగితే కదా పోయేది. పొద్దున ఒక గుక్క, రాత్రి మాత్రతో ఒక గుక్క. మజ్జిగ వద్దు. చారు వద్దు. అన్నంలో పప్పు కూడా గట్టిగానే కలపమనేది.

నెల తిరగకుండానే జ్వరం వచ్చింది. మళ్లీ మదనపల్లె. ఈసారి డాక్టరమ్మ మమ్మల్ని బయటికి పిలిచి తిట్టింది. నీళ్లు తాగకపోతే మూత్రపిండాలు చెడిపోతాయి, ఇంకొకసారి ఇలా వస్తే నా చేతిలో ఉండదు అని. పుంగనూరులో బస్సు దిగగానే మా ఆయన అన్నాడు: "కొట్టాన్ని మార్చేద్దాం."

మాది పాతకాలం మట్టి మిద్దె. ముందర చిల్లరంగడి, దాని వెనక నట్టిల్లు, నట్టింటి వెనక ఒక పక్క వంటిల్లు, ఇంకో పక్క ఆవును కట్టేసే కొట్టం. కొట్టానికి రెండు వాకిళ్లు. ఒకటి వెనక పెరట్లోకి, ఆవు వచ్చిపోయేది. ఇంకొకటి వంటింట్లోకి, పాలు వచ్చేది. చివరి ఆవును అమ్మేసి అప్పటికి చాలా కాలమయింది. కొట్టంలో పాత గోతాలూ, ఒక విరిగిన ఊయలా ఉండేవి. దానికీ నట్టింటికీ మధ్య గోడలో, నట్టింటి వైపు, దేవుని గూడు. అందులో వెంకటేశ్వరస్వామి పటం, మా మామ కాలం నాటి ఇత్తడి దీపం. నేను రోజూ రెండు పూటలా దండం పెట్టుకునే చోటు అది. అత్త మంచానికి ఎదురుగా ఉంటుంది, పడుకునే దండం పెట్టుకోవచ్చు.

సంగతి చెప్పగానే అత్త ఆ గూడు వైపు చూసింది. "దేవుని ఈపుకు ఆనిచ్చి కట్టిస్తారా? నేను పోయినాక కట్టుకోండి. అంతదాకా ఈ ఇంట్లో ఆ పని జరగదు."

"నువ్వు పోకూడదనే కదమ్మా కట్టేది," అన్నాడు మా ఆయన.

"పోకుండా ఉండేదానికి దేవుడుండాడు. పొయ్యేదానికి కంపచెట్లుండాయి."

ఆమెతో వాదించి గెలిచినవాళ్లు ఎవరూ లేరు. ఒప్పుకోదు, నీళ్లు తాగదు. ఆమె ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ముందు మున్సిపాలిటీ అనుమతి తెచ్చుకుందామని మా ఆయన తెల్లకాగితం నా ముందర పెట్టినాడు.

నేను బడికి పోయినదాన్ని కాదు. కుప్పంలో మా నాయన పొద్దున పూజ అయినాక నన్ను కూర్చోబెట్టుకుని అక్షరాలు నేర్పించినాడు. అందుకే నా తెలుగుకు కొంచెం కర్పూరం వాసన ఉంటుంది. ఆ తెలుగుతోనే మొదలుపెట్టినాను: "మా గృహమునందు శౌచాలయము నిర్మించుకొనుటకు..."

మా ఆయన అడ్డం వచ్చినాడు. "ఆలయం అని రాసినావే. గుడి కడతాండారని ఎండోమెంటు ఆఫీసుకు పంపిచ్చేస్తారు."

సరే, మరుగుదొడ్డి అని రాసినాను. ఆయన ముఖం ఎర్రబడింది. మున్సిపల్ ఆఫీసులో బెంచీల మీద ఊరు ఊరంతా కూర్చుని ఉంటుందట, అర్జీలు గట్టిగా చదివి పిలుస్తారట, సగం మంది మా అంగడికి వచ్చేవాళ్లేనట. "దొడ్డి అని రాస్తే సాలు. వాళ్లకు తెలీదా?" అన్నాడు. పెన్ను తీసుకుని మరుగు అనే మాటను తనే కొట్టేసినాడు. సిగ్గుతో మరుగునే మరుగు చేసేసినాడు. మళ్లీ శుభ్రంగా రాయించినాడు: మా యింటిలోని పాత ఆవుల కొట్టమును దొడ్డిగా మార్చుకొనుటకు అనుమతి దయచేయవలెను. కింద గది కొలత, నాలుగడుగులకు ఆరడుగులు.

అర్జీ పోయింది. జవాబు రాలేదు. ఆ లోపల మేము చేయగలిగినవి చేసుకుంటూ పోయినాము. కుర్చీ మాదిరి ఉండేది పుంగనూరులో దొరకలేదు. మదనపల్లెకు పోయినాము. ఆ అంగడాయన భక్తిపరుడు. శుక్రవారం పూట ఇల్లు చేరే వస్తువు అని దానికి మూడు వేళ్లతో పసుపు రాసి, కుంకుమ పెట్టి, గోనెసంచి చుట్టి ఇచ్చినాడు. నేనెట్లా వద్దనేది. నేను కూడా కొత్త రోలుకు, కొత్త చేటకు అంతే చేస్తాను కదా.

బస్సులో అది నిలబడదు, కింద పెడితే దొర్లుతుంది. మా ఆయన దాన్ని కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి తను నిలబడ్డాడు. కండక్టరు వచ్చి చూసి, "సీట్లో కూర్చుంటే టికెట్టు తీసుకోవాలప్పా," అన్నాడు.

వెనక సీటు నుంచి ఎవరో, "దాని మీదనే కూర్చోప్పా, ఇద్దరికీ ఒకే టికెట్టు," అన్నాడు. బస్సు సగం నవ్వింది. మా ఆయన కిటికీలోంచి గుట్టలు చూస్తూ నిలబడ్డాడు, ఎప్పుడూ గుట్టలు చూడనట్టు.

నా పక్కన రామసముద్రం వైపు పోయే ముసలామె ఒకామె. ఆమె ఆ నవ్వులో లేదు. గోనెసంచి చిరుగులోంచి తెల్లటి పింగాణీ, దాని మీద పసుపు కుంకుమ కనబడినాయి ఆమెకు. చెప్పులు విడిచి కాళ్లు సర్దుకుని, "ఏ సామి తల్లీ? యాడ ప్రతిష్ఠ?" అని మెల్లగా అడిగింది.

అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు. నిజం చెప్పే ధైర్యమూ రాలేదు. "మా ఇంట్లోనే అమ్మా. మా అత్త కోసరం," అన్నాను.

"అత్త కోసరమా. పుణ్యాత్మురాలివి." చెయ్యి చాపి గోనెసంచిని తాకి కళ్లకద్దుకుంది. "ఆయమ్మను సల్లగా సూడు సామీ."

ఆ దండాన్ని ఎవరు అందుకున్నారో నాకు తెలియదు. అందవలసిన చోటికే అందిందని నా నమ్మకం. మనిషికి నోరిచ్చిన స్వామి రెండో దారి కూడా ఇచ్చినాడు. మొదటిదానికి మాత్రమే దండం పెట్టి రెండోదాన్ని కంపచెట్లకు పంపించడం ఆయనకు నచ్చి ఉండదని ఆ బస్సులోనే మొదటిసారి అనిపించింది నాకు.

వారం తర్వాత కుప్పం నుంచి మా తమ్ముడు దిగినాడు. వాడు గ్రానైటు పాలిష్ పట్టే చోట పని చేసేవాడు. మిగిలిపోయిన నల్లరాయి ముక్కలు రెండు సంచుల్లో మోసుకొచ్చినాడు. మేస్త్రీ వద్దు, నేనూ బావా చాలు అన్నాడు. ముక్కలు నట్టింట్లో పరిచి చూపిస్తే అద్దంలా మెరిసినాయి. మంచం మీది నుంచి అత్త మెడ సాచి చూసింది.

"దేవునికి సిమెంటు గూడు, దొడ్డికి కుప్పం రాయి. బాగుండాదప్పా మీ కుప్పం భక్తి."

"కన్నడంలో దొడ్డ అంటే పెద్దది అత్తమ్మా," అన్నాడు మా తమ్ముడు. "పెద్దోళ్లకు పెద్ద రాయి."

"నువ్వు కన్నడం మాట్లాడు, అరవం మాట్లాడు. నేను మాత్రం అందులో అడుగు పెట్టను."

ఆ రోజు కూడా ఆమె రెండు గుక్కల నీళ్లే తాగింది. పెదవులు పగిలి ఉన్నాయి. రాత్రి తడిగుడ్డతో తుడిస్తే, ఆ గుడ్డలోని తడి కూడా నాలుకకు తగలకుండా మూతి ముడుచుకుంది.

ఆ మరుసటి దినమే ఆఫీసు నుంచి ప్లాను చూసే సారు వచ్చినాడు. నడివయసు మనిషి, చేతిలో టేపు, చంకలో మా అర్జీ. పెరటి దారిన నేరుగా కొట్టంలోకి పోయి కొలిచినాడు. నేను వంటింటి వాకిట్లో నిలబడి ఉన్నాను. అన్నీ వినబడుతున్నాయి.

"ఇంత చిన్నదాంట్లో పడతాదా?" అన్నాడు సారు.

"పడతాది సార్. ఒకటే కదా ఉండేది," అన్నాడు మా ఆయన. ఆయన మనసులో వాళ్లమ్మ.

"ఒకటేనా. పుంగనూరుదేనా?"

"ఈ ఊరే సార్. పుట్టింది, పెరిగింది అంతా ఈడనే."

"ఓ, అందుకే పడతాదన్నావు. పొట్టిగా ఉంటాది కదా."

"పొట్టే సార్. ఆ వంశమే పొట్టి."

మన భాషలో ఒక తమాషా ఉంది. వచ్చింది, పోయింది, పడుకుంది అంటే ఆడమనిషా, ఆవా చెప్పలేము. మర్యాద చేర్చి మాట్లాడితే తెలుస్తుంది గానీ, కొడుకులు తల్లి గురించి మా వైపు అట్లా మాట్లాడరు. మా అమ్మ వచ్చింది అనే అంటారు. పైగా మా ఊరి పేరు చెబితే ముందు గుర్తొచ్చేది మూడడుగుల పొట్టి ఆవు. అర్జీలో ఉన్నది ఆవుల కొట్టం, దొడ్డి. ఆ సారు తప్పు ఇందులో ఇంతైనా లేదు.

"వయసెంత?"

"ముసలిది సార్. కాలు విరిగి లేవలేకుండా ఉండాది. ఇద్దరం పట్టుకుని లేపాల."

సారుకు జాలి వేసినట్టుంది. గొంతు తగ్గింది. "అమ్మేయకుండా సాకుతాండావు సూడు, అది గొప్ప. అయినా నడి ఊర్లో, వంటింటికి ఆనుకుని పశువుకు కొత్తగా దొడ్డి కట్టేదానికి రూల్సు ఒప్పుకోవప్పా. మేత సరిగ్గా తింటాండాదా?"

అప్పుడు అర్థమయింది మా ఆయనకు, సారు దేని గురించి అడుగుతున్నాడో. మా తమ్ముడు పెరట్లోకి పోయి గోడ పట్టుకుని వంగిపోయినాడు. నేను చెంగు నోట్లో కుక్కుకున్నాను. ఎవరో ఒకరు ఆ మాట చెప్పాలి.

నట్టింట్లోంచి మా అత్త గొంతు వచ్చింది.

"మేతకేం తక్కువ లేదప్పా. రెండు పూట్లా ఏస్తాండారు. పొయ్యేదానికే తావు లేదు. ఆ ఆవును నేనే, ఇట్లా వచ్చి సూసుకో."

సారు వచ్చినాడు. మంచాన్ని, మంచం కింద తట్టను, ఆమె పగిలిన పెదవుల్ని చూసినాడు. అర్జీని మళ్లీ చదువుకున్నాడు. "దొడ్డి అంటే ఆ దొడ్డా తల్లీ," అని అడిగినాడు.

"ఆ దొడ్డే. నా కొడుక్కు సిగ్గెక్కువ. నాకు తుంటితో పాటే పోయింది."

సారు నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి ఆయన ఎంత తిప్పలు పడినాడో నాకు తెలుస్తూనే ఉంది. అందుకు ఆయనకు ఈ రోజుకీ నేను రుణపడి ఉన్నాను. గోడ పక్కన ముక్కాలిపీట వేస్తే కూర్చుని, రూల్సు చెప్పినాడు. పెరట్లో బావికి దగ్గరగా గుంత తీయకూడదు, ఆ చివరకు పోవాలి. అది సరే. గాలి పోయేదానికి కిటికీ ఉండాలి. పెరటి గోడంతా వాకిలికే సరి, పక్కింటికీ మాకూ గోడ ఒకటే, వాళ్ల వైపు కిటికీ పెట్టడానికి లేదు. మా తమ్ముడు పైకి చూపించినాడు, మిద్దెలో వెలుతురు కోసం పాతకాలంలో పెట్టిన గవాక్షి. సారు దాని కింద నిలబడి ఆకాశం చూసి, సరే, దానికే గొట్టం పెట్టండి అన్నాడు. చివరికి వాకిలి దగ్గర ఆగినాము.

"వంటింట్లోకి తెరిచే వాకిలి ఉండకూడదు. అది మూసేయాల. పెరట్లోకి ఉండే వాకిలి పెట్టుకోండి."

పెరట్లోకి పోవాలంటే వంటింట్లోంచి మూడు మెట్లు దిగి, చుట్టు తిరిగి రావాలి. తుంటిలో కడ్డీ ఉన్న మనిషి. వాన వస్తే పెరడంతా పాచి. కంపచెట్లకూ దానికీ తేడా ఏమీ లేదు. మా ఆయన అదే అన్నాడు.

"అట్లయితే నట్టింట్లోంచి పెట్టుకోండి. దానికి అడ్డం లేదు," అన్నాడు సారు.

నట్టింటి గోడ మా తమ్ముడు తట్టి చూసినాడు. ఒక పక్క దూలం దిగి ఉంది, అక్కడ తవ్వితే మిద్దె నెత్తిన పడుతుంది. ఇంకో పక్క వంటింటి గోడ వచ్చి కలుస్తుంది. వాకిలి తీయడానికి గోడ మొత్తంలో ఒకటే చోటు. అక్కడ గోడ అప్పటికే సగం తవ్వి ఉంది కూడా. దేవుని గూడు.

వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మా ఆయన నన్ను చూసినాడు. నిజం చెప్పాలంటే నాకు కూడా మనసు ఒప్పలేదు. పెళ్లయి వచ్చిన మొదటి రోజు ఆ గూట్లోనే దీపం పెట్టినాను. ఆ గూడు పగలగొట్టి ఆ చోట ఈ వాకిలా. వద్దని నేను అంటే అత్త నా మాటే పట్టుకునేది. అందరూ ఊపిరి పీల్చుకునేవాళ్లు. తట్ట మంచం కిందికి తిరిగి వచ్చేది.

నేను అనవలసిన అవసరం రాలేదు. అత్త గూట్లోని పటం వైపే చూస్తూ ఉంది. తర్వాత నాతో, మామూలుగా కూరగాయల మాట చెప్పినట్టు అంది: "ఏమ్మే, సామిని రవంత అట్లా జరగమను. ఆయన కాళ్లు బాగానే ఉండాయి. నేను జరగలేను."

మా ఆయన కళ్లు తుడుచుకున్నాడు. సారు లేచి నిలబడి, అర్జీ మళ్లీ రాసి పంపించండి, ఈసారి మరుగు మర్చిపోవద్దండి అని చెప్పి పోయినాడు. ఆ సాయంత్రమే రాసినాను. మరుగుదొడ్డి అని పెద్ద అక్షరాలతో.

అనుమతి కాగితం చేతికి వచ్చిన ఉదయం నేను స్నానం చేసి, పటాన్ని, దీపాన్ని గూట్లోంచి తీసి, ఎదురు గోడకు కొట్టిన చెక్క మీద పెట్టినాను. తూర్పు గోడ అది. నిజానికి స్వామికి అంతకు ముందుకన్నా మంచి చోటే దొరికింది. ఇన్నేండ్లు కొట్టం గోడలో ఇరుక్కుని ఉన్నాడు పాపం, ఇప్పుడు వీధికి దగ్గరగా వచ్చినాడు, అంగడికి వచ్చిపోయేవాళ్ల మాటలు వినబడతాయి. అట్లా అనుకుని నన్ను నేను ఒప్పించుకున్నాను. ఆయన్ని ఒప్పించడం అంత కష్టమైనట్టు లేదు.

బావా బావమరుదులు ఇద్దరూ గోడ తవ్వినారు. తిట్టుకున్నారు. వాకిలి రవంత వంకరగా వచ్చింది, దాన్ని గురించి ఒకరిమీద ఒకరు చెప్పుకుంటూ ఎన్నో ఏండ్లు గడిపినారు. నల్లరాయి పరిచినప్పుడు నున్నగా జారుతుందని మా తమ్ముడే కనిపెట్టి, మళ్లీ దాని మీద గరుకు రాయి పట్టి పాలిషంతా తీసేసినాడు. పాలిష్ పట్టే ఉద్యోగంలో ఉన్నవాడు పాలిష్ తీయడం అదే మొదలట. గోడకు పట్టుకునేదానికి ఇనుప కమ్మీ పెట్టినారు. మదనపల్లె నుంచి వచ్చిన స్వామిని ప్రతిష్ఠించినారు. పసుపు కడిగేద్దామా అని మా ఆయన అడిగితే నేనే వద్దన్నాను.

అత్తను మొదటిసారి నేనే పట్టుకుని తీసుకుపోయినాను. మంచం నుంచి వాకిలి దాకా ఏమంత దూరం. కూర్చున్నాక ఆమె చుట్టూ చూసింది. తలుపు ముయ్యమంది. బయట నిలబడొద్దు, పో అంది. ఆ మాట వినడానికి నేను ఎన్ని రోజులుగా దండం పెట్టుకున్నానో స్వామికి తెలుసు. బయటికొచ్చి మంచం మీద కూర్చున్నప్పుడు ఆమె ఎవరి వైపూ చూడకుండా, "మజ్జిగుండాదా?" అని అడిగింది. లోటా నిండా ఇచ్చినాను. తాగింది. మళ్లీ లోటా చాపింది.

ఆ తర్వాత రెండువేల సంవత్సరం దాటింది. మా సందులో ఒక్కొక్క ఇల్లూ మరుగుదొడ్డి కట్టుకుంది, కట్టుకునే ముందు ఒక్కొక్కరూ వచ్చి మాది చూసిపోయినారు. అత్త మంచం మీది నుంచే అందరికీ రూల్సు చెప్పేది. వంటింట్లోకి వాకిలి పెట్టగూడదు. బావికి దగ్గర గుంత తీయగూడదు. అర్జీలో సిగ్గుపడగూడదు.

నాకు మిగిలిన ఇబ్బంది ఒకటే. సాయంత్రం నేను దీపం పెట్టే వేళకు, ఏమి చిత్రమో, ఆమెకు సరిగ్గా అప్పుడే అవసరం పడేది. ఎదురెదురు గోడలు, మధ్యలో నేను హారతి పళ్లెంతో. మొదట్లో ఆమె వచ్చేదాకా ఆగేదాన్ని. కర్పూరం వెలిగించాలా వద్దా అని చేతిలో పట్టుకుని నిలబడేదాన్ని. ఒకరోజు అట్లాగే ఆలస్యమైపోతా ఉంటే, ఇంక చాలని, మెల్లగా, వినబడీ వినబడనట్టు గంట కొట్టినాను.

తలుపు లోపలి నుంచి అత్త కేకేసింది.

"గట్టిగా కొట్టమ్మే. ఈడికి ఇనపడలా."

గట్టిగా కొట్టినాను.